చిన్నమ్మ కొలతల నోటుబుక్కు

తాండూరు నుంచి మరదలు, చిన్నమ్మ కోడలు, ఫోన్ చేసేసరికి నేను దేవుని గూట్లో వత్తి సరిచేస్తున్నాను. "వదినె, అత్తమ్మ పోయింది" అంది. వత్తి వెలిగించి, దణ్ణం పెట్టుకొని, వికారాబాద్ స్టేషన్‌కు బయలుదేరాను. రైల్లో కూర్చున్నాక గానీ ఏడుపు రాలేదు.

చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు. డెబ్బై ఒకటి నిండాయి. అమ్మ పోయాక మా ముగ్గురు అక్కాచెల్లెళ్లకు తల్లిగారిల్లు అంటే తాండూరే. నేను పెద్దదాన్ని. నడిపి చెల్లెలు, నేను వికారాబాద్‌లోనే ఉంటాం. చిన్నది నవాబుపేటలో ఉంటుంది. పండగ ఉన్నా లేకపోయినా చిన్నమ్మ పిలిచేది. పోతే తిండి పెట్టే ముందు కొలతలు తీసేది.

ఆమె జాకెట్లు కుట్టేది. నలభై ఏళ్లు కుట్టింది. ఇంటి ముందుగదిలో నాపరాయి నేల మీద మిషిను, పక్కన ఒక స్టూలు, గోడకు మేకు, మేకుకు టేపు. అంతే ఆమె దుకాణం. బోర్డు లేదు. తాండూరులో సగం ఆడవాళ్లకు ఆ ఇల్లు తెలుసు.

కొలత తీయడంలో ఆమెకొక పద్ధతి ఉండేది. వచ్చిన మనిషిని నిలబెట్టి టేపు వేసేది కాదు. ముందు మంచినీళ్లు ఇచ్చేది. పిల్లల సంగతి, కందిచేల సంగతి అడిగేది. మాటల్లో పడి ఆ మనిషి భుజాలు వదిలేసినప్పుడు, మెల్లగా వెనకకు పోయి టేపు పెట్టేది.

"నిలబడమంటే అందరు సిపాయి లెక్క బిగుసుకుంటరు. గా కొలత పట్టుకొని కుడితే రెండు దినాలకు జాకిట్ ముడతలొస్తది. మనిషి ఎట్లుంటదో గట్లనే కొలవాలె" అనేది.

మా నడిపిది పొట్ట లోపలికి పీల్చి నిలబడేది. చిన్నమ్మ దాని వీపు మీద ఒక్కటి చరిచేది. "ఊపిరి వదులే. ఎవలను మోసం చేస్తవు? టేపుకు మొహమాటం ఉండదు."

ఆ కొలతలన్నీ ఒక పొడుగాటి నోటుబుక్కులో రాసేది. మనిషికి ఒక పేజీ. ఏటా దసరాకు కొత్త కొలత తీసి, పాతది కొట్టేయకుండా దాని కింద రాసేది. పెన్సిలుతో, పెద్ద పెద్ద అక్షరాలతో. వెనక పొడుగు, ముందు పొడుగు, భుజం, చుట్టుకొలత, చివర లంగా పొడుగు. అట్ట చిరిగితే రవిక గుడ్డతో కుట్టింది. మా అమ్మమ్మ పేజీ కూడా అందులో ఉంది.

చిన్నమ్మ ఏడో తరగతితో బడి మానేసింది. కాని ఆ పుస్తకంలోంచి ఆమె ఒక సంగతి చదివింది. ఆ సంగతి మాకెవరికీ వినబుద్ధి కాలేదు. దాని గురించి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మొదటిసారి ఆమె ఆ మాట అన్నప్పుడు నేనక్కడే ఉన్నాను. ఒక దసరా ముందు మా అమ్మకు కొలత తీస్తోంది. అమ్మకు అప్పుడు అరవై దాటాయి. చిన్నమ్మ ఒకసారి కొలిచింది. పేజీ చూసింది. మళ్లీ కొలిచింది.

"అక్కా, వెనక అంగుళం పెరిగింది. ముందల అంగుళం తగ్గింది. లంగా గూడ పొట్టిగ కుట్టాలె. నువ్వు కుంగుతున్నవ్."

"వయసొచ్చింది. కుంగక ఎగురుతనా?" అంది అమ్మ.

"వయసు మా ఆడిబిడ్డకు గూడ వచ్చింది గద. గామె నీకంటె రెండేండ్లు పెద్దది. గామె పేజీల లంగా పొడుగు పాతికేండ్ల సంది ఒక్కటే."

"అయితే గామెనే కూసోబెట్టుకొని కుట్టు. నా జాకిట్ ఇటియ్యి."

అందరం నవ్వాం. చిన్నమ్మ నవ్వలేదు. పేజీలు వెనక్కి తిప్పుతూ ఉండిపోయింది. అమ్మమ్మది, పెద్దమ్మది, అమ్మది. మూడు పేజీల్లోనూ అంకెలు ఒకే దారిన పోయాయి. ముట్టు ఆగిపోయిన నాలుగైదేళ్లకు మొదలై, వెనక పెరుగుతూ, ముందు తగ్గుతూ. మా వైపు ఆడవాళ్లకు నలభై అయిదు రాకముందే ముట్టు ఆగిపోతుంది. అది కూడా ఆమె గమనించింది.

మా ఇంట్లో ఎముకలు విరగడం కొత్త కాదు. కాని విరిగిన ప్రతిసారీ ఒక కథ ఉండేది. అమ్మమ్మ తుంటి విరిగితే గడ్డివాము దగ్గర జారిందన్నాం. పెద్దమ్మ చెయ్యి విరిగితే బస్సు డ్రైవరును తిట్టాం. అమ్మకు మొదట మణికట్టు, తర్వాత తుంటి పోతే సబ్బునీళ్లను తిట్టుకున్నాం. మూడు కథలు వేరువేరుగా చెప్పుకున్నంతకాలం అది ఒక్క కథ అని ఎవరికీ తట్టలేదు.

తట్టినా చెప్పేవాళ్లం కాదేమో. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు మా వైపు అడిగే మొదటి మాట, "మీ ఇంట్ల ఏమన్న బీమారి ఉన్నదా?" అని. దానికి మేమందరం చిన్నప్పటి నుంచి నేర్చుకున్న జవాబు ఒకటే. "ఏం లేదు, అందరు మంచిగున్నరు." నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు అమ్మ అదే చెప్పింది. నా చెల్లెళ్లను చూడవచ్చినప్పుడు నేను చెప్పాను. అది అబద్ధమని అనిపించేది కాదు. అతిథికి నీళ్లిచ్చినట్టు ఇచ్చే జవాబు అది.

నిరుడు వానకాలంలో చిన్నమ్మకు నడుమునొప్పి ఎక్కువైంది. వికారాబాద్ రమ్మన్నాను. ఇక్కడ ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. ఆమె నెమ్మదిగా అన్నీ అడిగింది. చివరికి, "మీ అమ్మగారికి గానీ అక్కచెల్లెళ్లకు గానీ తుంటి విరిగిందా? నడుము వంగిందా?" అంది.

ఆ గదిలో గోడవారగా ఒక బెంచీ ఉంది. తర్వాత పిలవాల్సినవాళ్లను దాని మీద కూర్చోబెడతారు. ఆ రోజు అక్కడ కూర్చున్నది ధారూరు ఆమె. మా చిన్నదాని బిడ్డను తన కొడుక్కు అడగడానికి పదిహేను రోజుల క్రితమే వచ్చిపోయింది. నన్ను చూసి పలకరింపుగా తలూపింది కూడా.

చిన్నమ్మ నోరు తెరిచేలోపు నేనే చెప్పాను. "లేదు డాక్టరమ్మా. మా ఇంట్ల ఎవ్వలకు ఏం లేదు."

చిన్నమ్మ నా వైపు చూసింది. తర్వాత బెంచీ వైపు చూసింది. "అవ్, ఎవ్వలకు లేదు" అంది.

డాక్టరమ్మ రాసుకుంది. నొప్పికి మందు ఇచ్చి, "ఎముకల సాంద్రత పరీక్ష ఒకటి చేయించండి. వీలు చూసుకొని చేయించొచ్చు" అంది. మేం వీలు చూసుకోలేదు.

చలికాలంలో, ఒక పొద్దున, చిన్నమ్మ మిషిను ముందు నుంచి లేచి కిందపడ్డ కత్తెర తీసుకోబోయింది. వంగడంలోనే తుంటి దగ్గర పటుక్కుమందట. తర్వాత పడింది. నేల మీద నీళ్లు లేవు, సబ్బు లేదు, బస్సు లేదు. ఈసారి నింద మోపడానికి ఏమీ దొరకలేదు. అయినా మా చిన్నది అందరికీ ఫోన్లు చేసి, తడి బండ మీద జారిందని చెప్పింది. నాతో, "అక్కా, నువ్వు గూడ గదే చెప్పు. బిడ్డ సంబంధం ఖాయమయి పూలుపండ్లు అయ్యేదాక జర నోరు పదిలం" అంది. నేను అదే చెప్పాను.

ఆపరేషను వికారాబాద్‌లోనే అయింది. మూడో రోజు నేను మంచం పక్కన కూర్చొని జపం చేసుకుంటున్నాను. చిన్నమ్మ కళ్లు తెరిచి, "బిడ్డా, నా సంచి తే" అంది. సంచిలోంచి నోటుబుక్కు తీసింది.

"గిది ఎప్పుడు తెచ్చుకున్నవ్ చిన్నమ్మా?"

"గా వానకాలం నాడు గూడ సంచిలనే ఉండె. గా డాక్టరమ్మకు సూపిద్దామనే తెచ్చిన."

ఆమె మామూలుగానే చెప్పింది. నా చేతిలో జపమాల ఆగిపోయింది. దేవుని ముందు నేను ఎన్నడూ ఏదీ దాచలేదు. అడిగి తెలుసుకొని బాగుచేసే మనిషి ముందు దాచాను.

"మరి ఎందుకు తియ్యలే?" అన్నాను.

"నువ్వు మన పిల్ల కోసం చెప్పినవ్. గప్పుడు నేను తీస్తే నువ్వు అబద్ధం ఆడినట్టయితది గద అందరి ముందల." నోటుబుక్కు పక్కన పెట్టి, "ఫికర్ చెయ్యకు. ఇప్పుడు పిలువు గామెను" అంది.

డాక్టరమ్మ వచ్చి నోటుబుక్కు అందుకుంది. ఒక్కో పేజీ తిప్పింది. నిలబడి చూస్తున్న మనిషి కుర్చీ లాక్కొని కూర్చుంది.

"ఇవి ఎన్నేళ్ల కొలతలమ్మా?"

"నలభై ఏండ్లయి. గిది మా అమ్మ. గిది మా పెద్దక్క. గిది ఈ పిల్ల తల్లి. ముగ్గురి ఎముకలు ఇరిగినయ్. గిది నేను. ఇగ గీ మూడు మా పిల్లలయి. గీడ సూడు, చిన్నదానికి ఇప్పుడే అర అంగుళం పోయింది."

డాక్టరమ్మ అప్పుడు మాకు అర్థమయ్యేటట్టు చెప్పింది. దీన్ని బోలు ఎముకల వ్యాధి అంటారట. ముట్టు ఆగిపోయాక ఆడవాళ్ల ఒంట్లో ఎముకను కాపాడే హార్మోను తగ్గిపోతుంది. అది అందరికీ తగ్గేదే. కాని ఎముక ఎంత గట్టిగా పెరుగుతుంది, ఎంత తొందరగా పలచబడుతుంది అనేదాంట్లో చాలా భాగం పుట్టుకతో వచ్చేదట. ఒక్క జన్యువు కాదు, ఎన్నో జన్యువులు కలిసి కొంచెం కొంచెంగా చేసే పని. ముట్టు ముందుగా ఆగిపోవడం కూడా కుటుంబాల్లో నడుస్తుందట. తల్లికి తుంటి విరిగిందంటే బిడ్డకు ప్రమాదం ఎక్కువ. అందుకే ఆ ప్రశ్న తప్పకుండా అడుగుతారట.

"అంటే గుడ్డ తల్లి ఇచ్చింది. గుడ్డనే పలచనిది" అంది చిన్నమ్మ.

డాక్టరమ్మ నవ్వింది. "సగం గుడ్డ తండ్రి దగ్గర్నుంచి కూడా వస్తుందమ్మా."

"గది నాకెట్ల తెలుస్తది? మగోళ్ల కొలతలు నా తాన లేవు. మా ఆయన లాల్చీ ఒక్కటి కుట్టిన. గది గూడ బిగుతయిందని కొట్లాడిండు."

తుంటికి కొత్త ఇనుము వేసి మూడు రోజులైన మనిషి అలా మాట్లాడుతుంటే నర్సు కూడా నవ్వాపుకోలేకపోయింది. డాక్టరమ్మ వెళ్లబోతూ మళ్లీ ఆగి, "పలచని గుడ్డ అయినా జాగ్రత్తగా వాడితే చాలా రోజులు వస్తుంది. మందులున్నాయి. ఎండ, నడక, తిండి ఉన్నాయి. కాని ముందు తెలియాలి. ఈ ముగ్గురికీ పరీక్ష చేయించండి" అంది.

ఆనాటి నుంచి చిన్నమ్మకు అదొక్కటే ధ్యాస. తాండూరు ఇంట్లో నాలుగు కాళ్ల కర్ర పట్టుకొని ముందుగదికీ వంటగదికీ నడిచేది. రోజూ ఉదయం ఎండలో స్టూలు వేయించుకొని కూర్చునేది. నాకు ఫోన్ చేసి, "పొయినవా?" అని అడిగేది. బాగున్నావా, తిన్నావా అని కాదు. "పొయినవా?"

నేను పోయాను. నాకు ఆ వ్యాధి ఉంది. నడిపిదానికి ఇంకా రాలేదు గానీ అంచున ఉందన్నారు. నేను మందు మొదలుపెట్టాను. ఆమెకు ఫోన్ చేసి చెబితే, "మంచిగయింది. దొరికింది గద" అంది. వ్యాధి వచ్చిందంటే మంచిగయిందన్న మనిషిని నేను ఆమెనొక్కదాన్నే చూశాను.

చిన్నది మాత్రం కదల్లేదు. "వికారాబాద్ దవాఖానల నన్ను ఎవలన్న చూస్తే? ధారూరోళ్లు నెలకు రెండుమాట్ల గాడికే వస్తరు. బిడ్డ పెండ్లయినంక చేయించుకుంట" అంది.

చిన్నమ్మ దాన్ని తిట్టలేదు. ఎవరినీ తిట్టి దారికి తెచ్చే అలవాటు ఆమెకు లేదు. దానికి ఒక జాకెట్ కుట్టి పంపింది. చిన్నది వేసుకొని నాకు ఫోన్ చేసింది. "అక్కా, చిన్నమ్మకు చూపు తగ్గినట్టుంది. వెనక పొడుగు ఎక్కువ పెట్టింది." అద్దం ముందు నిలబడి పక్కకు తిరిగి చూసుకో అన్నాను. ఫోన్‌లో బీరువా తలుపు చప్పుడు వినబడింది. తర్వాత, "మంచిగనే పట్టింది" అని పెట్టేసింది. అయినా పరీక్షకు రాలేదు.

వేసవి చివర చిన్నమ్మకు ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. తుంటి విరిగాక ఒళ్లు మునుపటిలా తేరుకోలేదు. నేను చివరిసారి చూసినప్పుడు మాట సన్నబడింది. నా చెయ్యి పట్టుకొని, "చిన్నది?" అంది. "తీసుకపోత చిన్నమ్మా" అన్నాను. రెండు రోజులకు ఫోన్ వచ్చింది.

పదకొండో దినాన తాండూరు ఇల్లు చుట్టాలతో నిండింది. ఆడవాళ్లం ముందుగదిలో చాప మీద కూర్చున్నాం. ధారూరు ఆమె పలకరింపుకు వచ్చింది. నాకెదురుగా కూర్చుంది. చిన్నది నా పక్కనే ఉంది.

"మంచి మనిషి. పడ్డదట గద? తడి బండ మీద జారిందన్నరు" అంది ధారూరు ఆమె.

చిన్నది నా మోకాలు నొక్కింది. నేర్చుకున్న జవాబు నా నాలుక చివర ఉంది. పొద్దున్నే దీపం ముందు నేను ఏమీ కోరుకోలేదు, నోటికి సాయం చెయ్యమని తప్ప.

"జారలేదు వదినె" అన్నాను. "ఎముక పలచబడి ఇరిగింది. మా అమ్మమ్మకు గట్లనే అయింది. మా పెద్దమ్మకు, అమ్మకు అయింది. నాకున్నది, మందులు వాడుతున్న. గా నాడు డాక్టరమ్మ అడిగితే నీ ముందల లేదని చెప్పిన. గది తప్పు. గందుకు మా చిన్నమ్మకు మందు దొరకలే. మా చిన్నదానికి గూడ పరీక్ష చేయించాలె. నీకు తెల్వాలని చెప్తున్న."

ధారూరు ఆమె కొంగు సవరించుకుంది. గ్లాసులో నీళ్లు తాగింది. "సరే వదినె" అని లేచి, మరదలికి చెప్పి వెళ్లిపోయింది.

చిన్నది పెరట్లోకి పోయి గోడకు ఆనుకుంది. నేను వెనకే పోయాను.

"నా బిడ్డ నోట్ల మన్ను గొట్టినవ్ అక్కా."

"నీ బిడ్డను గూడ రేపు ఎవలో అడుగుతరు, మీ అమ్మకు ఏమన్న ఉండెనా అని. గప్పుడు గది ఏం చెప్పాలె?"

"నువ్వు పెద్దదానివి. నీకు నోరెట్ల వచ్చింది?" అని ఏడ్చింది. దాని వీపు మీద చెయ్యి వేశాను. తీసేసింది. మళ్లీ వేశాను. ఈసారి ఉండనిచ్చింది.

మూడు రోజులు ధారూరు నుంచి ఏ కబురూ లేదు. చిన్నది నాతో మాట్లాడలేదు. నేను రోజూ పొద్దున దీపం పెట్టుకున్నాను. తప్పు చేశానా అని దేవుణ్ణి అడగలేదు. జవాబు తెలిసినదే.

నాలుగో రోజు ఫోన్ వచ్చింది. ధారూరు ఆమే.

"వదినె, మా అమ్మ గూడ వంగిపోయింది. చివరికి నేల చూసుకుంటనే నడిచింది. ఎడ్లబండి మీదికెళ్లి పడ్డదని చెప్పుకుంటం మేము. పడనే లేదు." గొంతు తగ్గించింది. "నాకు యాభై నాలుగు. నడుము లాగుతున్నది. నిరుడు గా బెంచీ మీద గందుకే కూసున్న. నన్ను అడిగితే నేను గూడ లేదనే చెప్పిన. నువ్వు లేదంటివి గద, నేనెట్ల ఉన్నదంటనని."

నేను ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"పెండ్లి ముచ్చట మగోళ్లు కూసోని మాట్లాడుకోని. గది గాదు నేనడిగేది. గా పరీక్ష ఏ దినం చేస్తరు? ఒక్కదాన్ని పోబుద్ధయిత లేదు."

చిన్నదానికి చెప్పాను. అది ఏ దినమని అడిగి, "నేను గూడ వస్త" అంది.

మొన్న పోయాం. ధారూరు ఆమె రైలు దిగి వచ్చింది, చిన్నది నవాబుపేట బస్సు దిగి వచ్చింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. బెంచీ మీద నన్ను మధ్యలో కూర్చోబెట్టి చెరో పక్కా కూర్చున్నారు. ముందు చిన్నదాన్ని పిలిచారు. మణికట్టుకు కూడా తీస్తాం, గాజులు తీసి రండి అన్నారు. చిన్నది రెండు చేతుల బంగారు గాజులూ తీసింది. నా చేతికి ఇస్తుందనుకొని చెయ్యి చాపాను. అది నన్ను దాటి ధారూరు ఆమెకు అందించింది. ఏమీ అనకుండా లోపలికి పోయింది.

తలుపు మూశారు. ధారూరు ఆమె ఆ గాజులను కొంగులో కట్టబోయి, మళ్లీ విప్పి, ఒక్కొక్కటే తన చేతికి ఎక్కించుకుంది. తనవి రెండు, మా చిన్నదానివి రెండు. ఎక్కడా జారిపోకుండా రెండో చేత్తో మణికట్టు దగ్గర పట్టుకొని, మూసిన తలుపు వైపే చూస్తూ కూర్చుంది.